వెనుక మడ్గార్డు ఊతకమ్మి: పాత కార్ల పునరుద్ధరణలో ఒక చిన్న భాగం చెప్పే చరిత్ర

వ్యాససంగ్రహం:

పాత మోటారు కారులో చక్రం మీది మడ్గార్డును కింది నుంచి పట్టి ఉంచే ఇనుప ఆధారాన్ని ఈ వ్యాసంలో ‘ఊతకమ్మి’ అని వ్యవహరిస్తున్నాము. బయటికి కనిపించని ఈ భాగం గుర్రపు బండి కాలం నుంచి 1940ల చివరి వరకు వాహన నిర్మాణంలో ప్రధానంగా కొనసాగింది. మడ్గార్డు కారు బాడీలో కలిసిపోవడంతో దాని అవసరం తగ్గిపోయింది. ఫోర్డు కంపెనీ తయారుచేసిన మోడల్ టి, మోడల్ ఎ కార్లను ప్రధాన ఉదాహరణలుగా తీసుకొని వెనుక మడ్గార్డు, దాని ఊతకమ్మి పరిణామాన్ని వివరించడం, పునరుద్ధరణలో దాన్ని బిగించే క్రమానికీ ఆ చరిత్రకూ ఉన్న సంబంధాన్ని చూపడం, అసలు భాగాన్ని నిలపాలా మార్చాలా అనే సమస్యను చర్చించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

ముఖ్యపదాలు: మడ్గార్డు, ఊతకమ్మి, చాసిస్, మోడల్ టి, మోడల్ ఎ, పునరుద్ధరణ, ట్యూరిన్ చార్టర్.

1. ఉపోద్ఘాతం:

పాత వస్తువుల చరిత్ర రాసేటప్పుడు సాధారణంగా కంటికి ఇంపుగా కనిపించే భాగాల మీదే దృష్టి నిలుస్తుంది. మోటారు కార్ల విషయంలో కూడా రేడియేటరు తొడుగు, ఇత్తడి దీపాలు, కంపెనీ చిహ్నం గురించి విస్తారంగా రాశారు. చక్రం వెనుక, బురద తగిలే చోట దాగి ఉండే ఇనుప ఆధారాల గురించి ప్రస్తావన తక్కువ. అయితే ఒక కారును విడదీసి మళ్ళీ కూర్చేటప్పుడు ఈ ఆధారాలే ఎక్కువ ప్రశ్నలు లేవనెత్తుతాయి.

‘వింటేజ్ కారు’ అనే మాటను నేడు ఏ పాత కారుకైనా వాడుతున్నారు. బ్రిటన్‌లో 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ సంప్రదాయంలో మాత్రం 1930 ముగిసేలోపు తయారైన కార్లకే ఆ పేరు చెల్లుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి దశాబ్దం ఈ కాలానికి కేంద్రం. ఆ కాలపు కార్లలో నాలుగు మడ్గార్డులూ బాడీకి వెలుపల, విడి భాగాలుగా ఉండేవి. కాబట్టి వాటిని మోయడానికి వేరే ఆధారం అవసరమైంది.

పేర్ల విషయం కూడా గమనించదగినది. అమెరికన్లు ఈ భాగాన్ని ‘ఫెండర్’ అన్నారు. కాపాడేది అని దాని అర్థం. బ్రిటిషువారు ఆకారాన్ని బట్టి ‘వింగ్’, అంటే రెక్క అన్నారు. సైకిలు ద్వారా తెలుగువారికి చిరపరిచితమైన ‘మడ్గార్డు’ అనే మాట దాని పనిని సూటిగా చెబుతుంది. అందుచేత ఈ వ్యాసంలో ఆ మాటనే స్వీకరించడమైనది.

2. గుర్రపు బండి నుంచి మోటారు బండికి:

ఎద్దుబండికి మడ్గార్డు ఉండదు. దాని చక్రం మెల్లగా తిరుగుతుంది కాబట్టి చక్రానికి అంటిన మట్టి అక్కడే రాలిపోతుంది. వేగంగా పోయే గుర్రపు బండిలో చక్రం బురదను పైకి విసురుతుంది. ముందు నుంచి గుర్రపు గిట్టలు చిమ్మే మట్టిని ఆపడానికి బండివాని ఎదుట ఒక పలక అమర్చేవారు. నేడు కారులో మీటర్లు అమర్చే భాగానికి వాడే ‘డాష్‌బోర్డు’ అన్న పేరు ఆ పలక నుంచి వచ్చినదే. చక్రాల మీద అమర్చిన కాపుదలలు కూడా ఈ అవసరం నుంచే పుట్టాయి.

గుర్రపు బండ్ల మడ్గార్డులు చాలావరకు ఇనుప చట్రం మీద తోలు బిగించి చేసినవి. అంటే అక్కడ బలమంతా కమ్మిదే. తోలు కేవలం పైపొర. ఈ అంశం మన చర్చకు ముఖ్యమైనది. ఊతకమ్మి రేకు మడ్గార్డుకు తరువాత చేర్చిన అదనపు హంగు కాదు. మొదట కమ్మి ఉంది, దాని మీదకి తరువాత రేకు వచ్చింది.

బండి తయారీలో పనివారి విభజన కూడా ఈ కమ్మి చరిత్రను నిర్ణయించింది. వడ్రంగి బాడీ చేసేవాడు. కమ్మరి ఇనుప పని చూసేవాడు. తోలు పనివారు, రంగులు వేసేవారు వేరుగా ఉండేవారు. కమ్మరి ప్రతి ఊతకమ్మినీ ఆ బండికి సరిపోయేలా కొలిమిలో కాల్చి వంచేవాడు. ఒక బండి కమ్మి మరొక బండికి అచ్చంగా సరిపోవలసిన అవసరం లేదు.

జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల మోటారు బండికి మడ్గార్డులు లేవు. ఇంజను శక్తి, వేగం పెరిగిన కొద్దీ మట్టి రోడ్ల మీద ధూళి, బురద పెద్ద సమస్యలయ్యాయి. అప్పుడు కార్ల తయారీదారులు కొత్త పరికరం కోసం వెతకలేదు. గుర్రపు బండి పనివారి దగ్గర అప్పటికే ఉన్న కమ్మినీ కాపుదలనూ తీసుకున్నారు.

3. మోడల్ టి: కొలిమి నుంచి అచ్చుకు:

ఫోర్డు మోడల్ టి 1908 అక్టోబరులో మార్కెట్టులోకి వచ్చింది. 1927 మే నెలలో దాని తయారీ ఆగేనాటికి కోటీ యాభై లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. హైలాండ్ పార్క్ కర్మాగారంలో 1913లో కదిలే కూర్పు వరుసను ప్రవేశపెట్టిన తరువాత, అంతకుముందు పన్నెండు గంటలకు పైగా పట్టిన చాసిస్ కూర్పు 1914 నాటికి దాదాపు 93 నిమిషాలకు తగ్గింది.

ఈ వేగంలో కమ్మరి పద్ధతికి చోటు లేదు. కూర్పు వరుసలో నిలబడిన కార్మికుడు కమ్మిని వంచి చూసుకుంటూ కూర్చోలేడు. ఏ పెట్టెలో నుంచి తీసిన కమ్మి అయినా ఏ మడ్గార్డుకైనా సరిపోవాలి. రంధ్రానికి ఎదురుగా రంధ్రం రావాలి. ఒకరి చేతి అంచనాగా ఉన్నది అచ్చులోకి, కొలత పరికరంలోకి మారింది. అందువల్ల మోడల్ టి ఊతకమ్మి రూపంలో గుర్రపు బండి కమ్మికి వారసురాలు. తయారీ పద్ధతిలో కొత్త కాలపుది.

1917 నమూనాలో మోడల్ టి రూపం మారింది. ఇత్తడి రేడియేటరు స్థానంలో నల్లని తొడుగు వచ్చింది. అంతవరకు పైభాగం చదునుగా ఉన్న మడ్గార్డులు ఉబ్బెత్తు వంపు తిరిగాయి. ఈ మార్పును అందం కోసం చేసినదిగా మాత్రమే చూడకూడదు. చదునైన ఆకును ఒక చేత్తో పట్టుకుంటే వాలిపోతుంది. అదే ఆకును దొప్పగా మడిస్తే బరువు మోస్తుంది. రేకు విషయంలోనూ అంతే. రెండు దిక్కులా వంపు తిరిగిన రేకు అదే మందంతో ఎక్కువ బిగువుగా నిలుస్తుంది. కమ్మి మీది భారాన్ని రేకు తనలోకి తీసుకోవడం ఇక్కడ మొదలైంది. ఊతకమ్మి చరిత్రలో ఇది మొదటి మలుపు.

4. మోడల్ ఎ: రెండు నిర్మాణ సంప్రదాయాల కూడలి:

మోడల్ టి తరువాత ఫోర్డు 1927 డిసెంబరులో మోడల్ ఎ కారును విడుదల చేసింది. దాని తయారీ 1931 వరకు ప్రధానంగా సాగింది. నలభై ఎనిమిది లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. నేడు ప్రపంచంలో ఎక్కువగా పునరుద్ధరించే పాత కార్లలో ఇది ఒకటి.

ఈ కారు వెనుక మడ్గార్డు లోపలి అంచు బాడీకి బోల్టులతో బిగుస్తుంది. కింది ముందు అంచు ఫుట్‌బోర్డుకు కలుస్తుంది. ఊతకమ్మి కింది నుంచి పట్టు ఇస్తుంది. మడ్గార్డుకూ బాడీకీ మధ్య సన్నని గుడ్డ అంచుపట్టీ ఉంటుంది. రెండు రేకులు రాసుకొని శబ్దం రాకుండా, రంగు లేవకుండా అది కాపాడుతుంది.

రంగు వేసే పద్ధతిలో కూడా ఈ విభజన కనిపిస్తుంది. మోడల్ ఎ బాడీలకు వివిధ రంగుల లాకరు వేశారు. మడ్గార్డులకు మాత్రం నల్లని ఎనామెల్ వేసి బట్టీలో కాల్చారు. చెక్క భాగాలు ఉన్న బాడీని అంత వేడిలో పెట్టడం కుదరదు. విడి రేకును పెట్టవచ్చు. కాబట్టి బాడీ, మడ్గార్డు వేరువేరు దారుల్లో తయారై కూర్పు వరుసలో కలిశాయి. బాడీది వడ్రంగి, బండి పనివారి వారసత్వం. చాసిస్‌ది యంత్రశాల వారసత్వం. ఈ రెండూ కలిసే చోట మడ్గార్డు ఉంది, దాన్ని పట్టుకొని ఊతకమ్మి ఉంది.

1930 నమూనాలో మోడల్ ఎ చక్రాల వ్యాసం 21 అంగుళాల నుంచి 19 అంగుళాలకు తగ్గింది. మడ్గార్డుల రూపం కూడా మారింది. అందుచేత 1928, 1929 నాటి కారుకు 1930, 1931 నాటి మడ్గార్డు భాగాలను కలిపితే అమరిక కుదరదు. ఒకే పేరు గల కారులో కూడా సంవత్సరాన్ని బట్టి భాగాన్ని గుర్తించవలసి ఉంటుంది.

ఈ చరిత్రకు భారతదేశంతోనూ సంబంధం ఉంది. బ్రిటిషు సామ్రాజ్యంలోని దేశాలకు, బ్రిటన్‌ను మినహాయించి, ఎక్కువగా కెనడాలోని ఫోర్డు కంపెనీ కార్లను పంపేది. దాని అనుబంధ సంస్థగా భారతదేశంలో 1926లో ఫోర్డు కంపెనీ ఏర్పడింది. విడి భాగాలుగా ఓడల్లో వచ్చిన కార్లను ఇక్కడ కూర్చేవారు. మడ్గార్డు విడి భాగం కావడం ఇటువంటి రవాణాకు అనుకూలించింది. చక్రాల మీద ఉబ్బెత్తుగా పరచుకొనే రేకును విప్పి ఒకదానిలో ఒకటి పేర్చవచ్చు. గమ్యం చేరాక మళ్ళీ బోల్టులతో బిగించవచ్చు. భారతదేశంలో మిగిలిన కుడిచేతి స్టీరింగు మోడల్ ఎ కార్లను పునరుద్ధరించేటప్పుడు ఈ కెనడా మూలాన్ని గుర్తుంచుకోవాలి.

5. ఊతకమ్మి అవసరం తగ్గిన తీరు:

ఊతకమ్మి అవసరం ఒక్కసారిగా పోలేదు. ఎడ్వర్డ్ బడ్ స్థాపించిన కంపెనీ 1910ల మధ్యలో డాడ్జ్ సోదరుల కోసం పూర్తి ఉక్కు బాడీలను పెద్ద సంఖ్యలో తయారుచేసింది. 1920లలో వెడల్పైన ఉక్కురేకును నిరంతరాయంగా సాగదీసే మిల్లులు అమెరికాలో నెలకొన్నాయి. పెద్ద రేకును ఒకే దెబ్బలో లోతుగా అచ్చుపోయడం సాధ్యమైంది. 1932లో గ్రాహం కంపెనీ విడుదల చేసిన బ్లూ స్ట్రీక్ కారులో మడ్గార్డు అంచులు కిందికి దిగి లోపలి భాగాలను కప్పాయి. ఆ తరువాత ఇతర కంపెనీలూ ఆ రూపాన్ని అనుసరించాయి.

మరోవైపు, విడి చాసిస్ లేకుండా బాడీయే భారం మోసే నిర్మాణం 1922 నాటి లాన్షియా లాంబ్డా, 1934 నాటి సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ కార్లలో వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత 1947 నమూనా కైజర్, ఫ్రేజర్ కార్లు, 1949 నమూనా ఫోర్డు మడ్గార్డును బాడీ గోడలో కలిపివేశాయి. కలిసిపోయిన దానికి ఊత అక్కరలేదు.

దీనికి ఒక ప్రసిద్ధమైన మినహాయింపు ఉంది. ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు 2003లో మెక్సికోలో చివరిసారిగా తయారయ్యేవరకు నాలుగు మడ్గార్డులూ బోల్టులతో బిగించే విడి భాగాలుగానే ఉన్నాయి. లోతైన వంపు వల్ల ఆ రేకు తన బరువును తానే మోయగలిగింది. మోడల్ టి 1917లో మొదలుపెట్టిన సూత్రం అక్కడ పూర్తయింది.

6. పునరుద్ధరణలో బిగింపు క్రమం:

పై చరిత్ర తెలియకపోతే ఊతకమ్మి బిగింపు ఒక సామాన్యమైన బోల్టు పనిగా కనిపిస్తుంది. నిజానికి ఇక్కడ మూడు వేరువేరు భాగాలు ఒక చోట కలుస్తున్నాయి. చాసిస్ గుంతల రోడ్డు మీద కొంత మెలి తిరుగుతుంది. బాడీ మరొక విధంగా కదులుతుంది. మడ్గార్డు ఈ రెండింటి మధ్య లాగబడుతుంది. అమరిక తప్పితే బోల్టు రంధ్రం చుట్టూ రేకు చిట్లుతుంది. పాత మడ్గార్డులలో కనిపించే పగుళ్ళు చాలాసార్లు ఊతకమ్మి తగిలే చోటి నుంచే బయలుదేరడానికి కారణం ఇదే.

బిగింపు క్రమాన్ని ఈ విధంగా సంగ్రహించవచ్చు:

మొదట విప్పడానికి ముందే ఫొటోలు తీసి, కుడి ఎడమ కమ్మిలకు వేరువేరు చీటీలు కట్టాలి. బోల్టు తల ఏ వైపు ఉంది, వాషర్లు ఎన్ని ఉన్నాయి, మధ్యలో రేకుముక్కలు ఉన్నాయా అన్నది రాసిపెట్టుకోవాలి. తుప్పు పట్టిన బోల్టును బలవంతంగా తిప్పితే కమ్మి మెలిపడుతుంది, రేకు చిరుగుతుంది. తుప్పు వదిలే నూనె పోసి నానబెట్టడం, అవసరమైతే నట్టును మాత్రమే కోయడం మేలు.

రెండవది పరీక్ష. కుడి కమ్మినీ ఎడమ కమ్మినీ పక్కపక్కన ఉంచి కొలవాలి. అవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉండవలసినవైతే, వంపులోని తేడా పాత ప్రమాదాన్ని సూచిస్తుంది. అయితే రెండింటిలో ఏది వంగిందో చాసిస్ కొలతలు చూడకుండా నిర్ణయించకూడదు. కమ్మికీ రేకుకూ మధ్య ఇరుక్కున్న మట్టి తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి తుప్పు అక్కడే లోతుగా ఉంటుంది. పగులు కనిపిస్తే దాని చివర చిన్న రంధ్రం వేసి, అది ముందుకు పాకకుండా ఆపి, తరువాత వెల్డింగ్ చేయాలి.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, వరుస. చాసిస్ సమతలంగా నిలవాలి. దాని మీద బాడీ కూర్చోవాలి. తలుపుల సందులు సరిగ్గా వచ్చేదాకా బాడీ కింది మెత్తలను సరిచేయాలి. ఆ తరువాతే మడ్గార్డు. మడ్గార్డును బాడీకి, ఫుట్‌బోర్డుకు, ఊతకమ్మికి అన్ని బోల్టులతోనూ వదులుగా తగిలించాలి. ఒక్క బోల్టును కూడా ముందుగా పూర్తిగా బిగించకూడదు. టైరుకూ మడ్గార్డు అంచుకూ మధ్య దూరాన్ని రెండు వైపులా కొలిచి, వెనుక నిలబడి రెండు మడ్గార్డుల ఎత్తును పోల్చి చూడాలి. కమ్మికీ రేకుకూ మధ్య సందు మిగిలితే దాన్ని బోల్టు బలంతో మూయకూడదు. తగిన మందం గల రేకుముక్కతో నింపాలి. సందును బోల్టుతో లాగి మూస్తే రేకులో నిత్యం ఒత్తిడి నిలిచిపోతుంది. కొన్నివేల కిలోమీటర్ల తరువాత అదే పగులుగా బయటపడుతుంది.

నాలుగవది రంగు. పై అమరిక అంతా రంగు వేయకముందే ఒకసారి పూర్తి చేసి చూడాలి. తరువాత విప్పి, మడ్గార్డుకూ కమ్మికీ విడివిడిగా రంగు వేసి, అంచుపట్టీతో చివరి కూర్పు చేయాలి. మోడల్ ఎ కర్మాగారంలో మడ్గార్డు విడిగా రంగు పూసుకొని వచ్చింది కాబట్టి ఈ వరుస చరిత్రకు కూడా నమ్మకమైనదే. అన్నీ బిగించాక ఒకేసారి రంగు చల్లితే అంచుపట్టీ మీద, బోల్టు తలల మీద రంగు పడి, రెండు దారుల్లో వచ్చిన భాగాలు ఒకటే అన్న తప్పు సాక్ష్యం మిగులుతుంది.

7. అసలు భాగమా, కొత్త భాగమా:

మోడల్ ఎ వంటి కార్లకు కొత్తగా అచ్చుపోసిన ఊతకమ్మిలు నేడు మార్కెట్టులో దొరుకుతాయి. పాతదాన్ని బాగుచేసే శ్రమ కంటే కొత్తది కొనడం సులభం. ఇక్కడే అసలు సమస్య ఉంది. ఒక కమ్మి ఎప్పుడో విరిగితే ఏ ఊరి కమ్మరో దాన్ని అతికి, పక్కన మరో పట్టీ చేర్చి ఉండవచ్చు. ఆ అతుకు కర్మాగారంలో లేదు. కానీ ఆ కారు నడిచిన రోడ్లకు, దాన్ని బతికించిన చేతులకు అది సాక్ష్యం. దాన్ని తీసివేయాలా?

తెలుగు పరిశోధనలో ఇటువంటి ప్రశ్న పాఠపరిష్కరణ రంగంలో సుపరిచితమే. సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దంలో తాళపత్ర ప్రతులను సేకరించి, పండితుల చేత వాటిని పోల్పించి పాఠాలను సిద్ధం చేయించాడు. ఆ సంప్రదాయంలో పరిష్కర్త ఒక పాఠాన్ని స్వీకరించినా, మిగిలిన పాఠాంతరాలను అధోజ్ఞాపికల్లో ఇవ్వడం మర్యాద. ప్రక్షిప్తమని తేలిన పద్యాన్ని మూలం నుంచి తొలగించినా, ప్రతి నుంచి చెరిపివేయరు. ఏ కాలంలో ఎవరు ఎందుకు చేర్చారన్నది కూడా చరిత్రే కాబట్టి. అయితే రెండు రంగాలకు ఒక తేడా ఉంది. గ్రంథ పరిష్కర్త తన పాఠాన్ని కొత్త కాగితం మీద ముద్రిస్తాడు. తాళపత్రం అలాగే ఉంటుంది. కారు పునరుద్ధరణలో మూలప్రతి మీదే దిద్దుబాటు జరుగుతుంది. కాబట్టి ఇక్కడ జాగ్రత్త మరింత అవసరం.

అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా 1966లో ఏర్పడింది. కట్టడాల సంరక్షణకు 1964లో వెలువడిన వెనిస్ చార్టర్ స్ఫూర్తితో అది 2012లో ట్యూరిన్ చార్టర్‌ను ఆమోదించింది. వాహనం జీవితకాలంలో ఏర్పడిన చారిత్రక జాడలను గౌరవించడం, చేసిన పనిని నమోదు చేయడం, కొత్తగా చేర్చినవి గుర్తుపట్టేలా ఉండడం దాని ప్రధాన భావనలు. దీనికి భిన్నంగా, పోటీ ప్రదర్శనల్లో తీర్పు చెప్పే ప్రమాణాలు కారు కర్మాగారం నుంచి వెలువడిన నాటి స్థితికే విలువ ఇస్తాయి. మొదటి దృష్టిలో కమ్మరి అతుకు చరిత్ర; రెండవ దృష్టిలో అది లోపం.

ఈ రెండింటి మధ్య ఆచరణకు అనువైన మార్గం ఉంది. బలంగా ఉన్న పాత కమ్మిని అతుకుతో సహా నిలపాలి. అది భారం మోయలేని స్థితిలో ఉంటే ప్రయాణికుల, బాటసారుల భద్రత దృష్ట్యా మార్చాలి. మార్చినప్పుడు కొత్త కమ్మి మీద కనిపించని వైపున సంవత్సరం చెక్కాలి. పాత కమ్మిని చీటీ కట్టి కారుతోపాటు భద్రపరచాలి. యజమాని మారినప్పుడు ఆ కమ్మి, పని వివరాలు రాసిన పుస్తకం కూడా కారు వెంట వెళ్ళాలి. పాత ఇనుముగా తూకానికి అమ్మిన భాగాన్ని తరువాతి పరిశోధకుడు తిరిగి తెచ్చుకోలేడు.

8. ముగింపు:

• ఊతకమ్మి గుర్రపు బండి కమ్మరి పని నుంచి మోటారు కారుకు సంక్రమించిన భాగం. మడ్గార్డు రేకు కంటే దానిదే ముందటి చరిత్ర.

• మోడల్ టి కాలంలో అది చేతి అంచనా నుంచి అచ్చు కొలతకు మారింది. రేకు వంపు పెరిగిన కొద్దీ దాని భారం తగ్గింది. మడ్గార్డు బాడీలో కలిసిపోవడంతో దాని అవసరం తీరిపోయింది.

• మోడల్ ఎ కారులో బాడీ, చాసిస్ అనే రెండు నిర్మాణ సంప్రదాయాలు కలిసే చోట అది నిలిచింది. బిగింపులో వదులుగా తగిలించడం, సందును రేకుముక్కతో నింపడం, విడిగా రంగు వేయడం వంటి నియమాలకు ఈ చరిత్రే ఆధారం.

• కమ్మి మీది వంపు, అతుకు, అదనపు రంధ్రం కారు జీవితానికి లిఖిత ఆధారం లేని చోట సాక్ష్యాలు. వాటిని చెరిపే ముందు నమోదు చేయడం పునరుద్ధరణకర్త కనీస బాధ్యత.

• భారతదేశంలో మిగిలిన పాత కార్ల పునరుద్ధరణలో స్థానిక కమ్మరులు, మెకానిక్కులు చేసిన మరమ్మతులను ప్రత్యేకంగా నమోదు చేస్తే, మోటారు వాహన చరిత్రలో వారి పాత్రను రాయడానికి అవసరమైన సామగ్రి సమకూరుతుంది.